బుధవారం నాలుగింటి ఫోను

గొంతులు వినిపిస్తున్నాయని చెప్పే పిల్లల మాటలను ఫైల్లో రాసుకోవడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఎప్పటి నుంచి వినిపిస్తున్నాయి, మగ గొంతా ఆడ గొంతా, ఏం చేయమంటోంది, నిద్రపోయే ముందా లేచాకా అని ఓపికగా అడిగి, రాసుకుని, డాక్టరు ముందు పెడతాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో ఏ ఒక్క రోజూ ఆ గొంతులు నిజంగా బయట ఎక్కడో ఉన్నాయేమో అన్న అనుమానం నాకు రాలేదు.

నేను పుట్టింది కామాటిపురా పదకొండో గల్లీలో. మా తాత పాలమూరు వైపు నుంచి రాళ్లు కొట్టే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వరసగా ఒంటిగదులుండే మా చాల్లో దయ్యాల ముచ్చట్లకు కొదవ లేదు. మెట్ల మలుపులో ఎవరో ఆడమనిషి నిలబడుతుందని మా అమ్మ గట్టిగా నమ్మేది. ఆ మలుపు దాటేటప్పుడు చెంగు నెత్తి మీదికి లాక్కునేది. నేను అక్కడే కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని, గాలి బాగా వస్తుందని.

మునిసిపాలిటీ తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను. తర్వాత చదువంతా మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో సాగింది. ఇప్పుడు ఇది తెలుగులో రాయడానికి కారణం ఒకటే. జరిగినదంతా తెలుగులోనే జరిగింది. పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

నేను పనిచేసేది ఆడపిల్లల కోసం నడిపే ఒక చికిత్సా నిలయంలో. మనసు బాగాలేక, ప్రవర్తన అదుపు తప్పి, ఇంట్లో ఉంచలేని స్థితికి వచ్చిన పిల్లలు కొన్ని నెలలు ఇక్కడే ఉండి కోలుకుంటారు. గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత భవనం, రెండో అంతస్తు. నేను కేస్ మేనేజర్‌ని. డాక్టరు మందు రాస్తారు, కౌన్సెలర్ మాట్లాడుతుంది, వార్డెన్ కనిపెట్టుకుని ఉంటుంది. వీళ్లందరూ చెప్పేది ఒకచోట కూర్చి, పిల్ల ఇంటివాళ్లతో మాట్లాడి, ఆమెను ఎప్పుడు పంపాలి, ఎక్కడికి పంపాలి అన్నది తేల్చడం నా పని. ఎక్కడికి అన్నదే ఎప్పుడూ కష్టం.

భవాని వానాకాలం మొదట్లో వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రెండు రోజులుగా ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటే రైల్వే పోలీసులు చూశారు. వాళ్లు పిల్లల వ్యవహారాలు చూసే ప్రభుత్వ కమిటీ ముందు పెడితే, కమిటీ మా దగ్గరికి పంపింది. ఎడమ చేతి మీద బ్లేడు గీతలు. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. అంతకు ముందు కూడా రెండుసార్లు ఇల్లు వదిలి పోయిందట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

కమిటీ కాగితంలో ఉన్నది మూడు ముక్కలు. తండ్రి కుర్మయ్య, కట్టడం పని. తల్లి మణెమ్మ, ఇంటిపని. చిరునామా కామాటిపురా పదమూడో గల్లీ. పిల్ల తెలుగుదని కేసు నాకిచ్చారు. నేను తెలుగులో పలకరిస్తే మరాఠీలో ఒక్క ముక్క జవాబిచ్చి గోడవైపు తిరిగేది. అయితే చేరేటప్పుడు నింపే కాగితంలో ఇంటి ఫోన్ నంబరు తనే రాసింది. దాని పక్కన తెలుగు అక్షరాల్లో 'అమ్మ' అని రాసింది. ఇక్కడ ఆ వయసు పిల్లలకు తెలుగు రాయడం రాదు. ఆ ఒక్క మాట ఎవరి దగ్గరో అడిగి నేర్చుకుని ఉంటుంది.

మొదటి వారంలోనే వాళ్లింటికి వెళ్లాను. ఫోరస్ రోడ్ మీంచి లోపలికి తిరిగితే మూడు అంతస్తుల పాత చాల్. వాళ్లుండే ఒంటిగది ఖోలీకి తాళం వేసి ఉంది. కింద చాయ్ బండి దగ్గర కుర్మయ్య కనిపించాడు. సన్నటి మనిషి, చెవుల మీద కూడా సిమెంటు పొడి. "బిడ్డ మంచిగైతదా మేడం?" అని మూడుసార్లు అడిగాడు. భార్యతో ఒకసారి మాట్లాడాలి అన్నాను. అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆమె మాట్లాడదు మేడం," అన్నాడు.

కోపం కాబోలు అనుకున్నాను. ఇల్లు వదిలి పోయిన ఆడపిల్లల తల్లులు చాలామంది మొదట్లో అలాగే ఉంటారు, పేరెత్తితే మొహం తిప్పుకుంటారు. 'తల్లి కోపంగా ఉంది, మాట్లాడటం లేదు' అని రాసుకున్నాను. దాని కింద 'మళ్లీ వెళ్లాలి' అని కూడా రాసుకున్నాను. వెళ్లలేదు. ఆ నెలలో ఇద్దరు పిల్లలను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది, నేను వాళ్ల వెంట తిరిగాను. తప్పించుకోవడానికి చెప్పడం లేదు. తప్పు నాదే.

మా దగ్గర ప్రతి పిల్లకూ వారానికి ఒకసారి ఇంటికి ఫోను చేసే వీలుంటుంది. భవానిది బుధవారం సాయంత్రం నాలుగింటికి. నా గదిలోనే, ఆఫీసు ఫోను మీద, స్పీకరు పెట్టి. నేను ఎదురుగా కూర్చుని ఎంతసేపు మాట్లాడారు, ఏం మాట్లాడారు అన్నది రిజిస్టర్లో రాయాలి. రికార్డు చేయడం మాత్రం నిషేధం. పిల్లల గుట్టు కాపాడటానికి పెట్టిన నియమం అది. ఆ నియమం లేకపోతే ఇవాళ నా దగ్గర వేరే ఆధారం ఉండేది.

మొదటి బుధవారం రెండు రింగులకే ఎత్తారు. నా పేరు చెప్పాను. జవాబు లేదు. వెనక చాల్ చప్పుళ్లు వినిపిస్తున్నాయి. డ్రమ్ములోకి నీళ్లు పడుతున్న చప్పుడు, ఎవరో పిల్లాణ్ణి తిట్టడం, కుక్కర్ కూత. దగ్గరగా ఊపిరి. భవాని ఫోను వైపు వంగింది గాని నోరు విప్పలేదు. నాలుగు నిమిషాలకు తనే కట్ చేసింది.

రెండో బుధవారం భవాని మాట్లాడింది. "అమ్మా, ఈడ పప్పు మంచిగుండది," అంది. ఆమె నోటి వెంట నేను విన్న మొదటి తెలుగు అదే. ఫ్యాను చప్పుడు గురించి, పక్క మంచం పిల్ల నిద్రలో పళ్లు కొరకడం గురించి తొమ్మిది నిమిషాలు చెప్పింది. అటునుంచి ఒక్క మాట లేదు. కాని భవాని మధ్య మధ్య ఆగేది, ఎదుటివాళ్లు జవాబు చెప్పడానికి ఎంత పడుతుందో అంతసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టేది. 'తల్లి వింటోంది, మాట్లాడలేదు' అని రాశాను.

మూడో బుధవారం భవాని, "నిద్ర వడ్తలేదమ్మా," అంది.

వెనక చప్పుళ్లు ఆగిపోయాయి. నీళ్లు, కుక్కరు, మనుషులు, అన్నీ ఒక్కసారిగా. లైన్ కట్టయిందనుకుని నేను ఫోను వైపు చెయ్యి చాచాను. అప్పుడు వినిపించింది.

"ఎడమ దిక్కు తిరిగి పండుకో బిడ్డా."

ఆడమనిషి గొంతు. నలభై దాటి ఉంటాయనిపించింది. కొంచెం బొంగురు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఎక్కువ, బరువైన గిన్నెలు ఒక్కొక్కటే దించి నేల మీద పెడుతున్నట్టు. పాలమూరు మాట, మా నానమ్మ మాట్లాడినట్టే ఉంది. ఆ మాట అయిపోగానే చాల్ చప్పుళ్లు మళ్లీ వచ్చాయి.

భవాని నావైపు చూడలేదు. ఫోను వైపే చూస్తోంది. ఆమె ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉండటం నాకు స్పష్టంగా కనిపించింది. ముఖంలో మాత్రం భయం లేదు. నాకైతే సంతోషమే కలిగింది. 'తల్లి మాట్లాడటం మొదలుపెట్టింది' అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఆ తర్వాత ప్రతి బుధవారం ఆ గొంతు వచ్చేది. ఎక్కువ మాట్లాడేది కాదు, మూడు నాలుగు మాటలు. మాట వచ్చే ముందు వెనక చప్పుడు పోయేది, మాట అయ్యాక తిరిగి వచ్చేది. ఫోనులో ఏదో లోపం అనుకున్నాను. మాట్లాడేటప్పుడు వెనక శబ్దాన్ని తగ్గించే ఫోన్లుంటాయని ఎక్కడో విని ఉన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఐదో వారం మా వార్డెన్ శోభా తాయి కూడా గదిలో ఉంది. అల్మారాలో పిల్లల బట్టలు సర్దుతోంది. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఫోను పెట్టేశాక, "ఆయీచా ఆవాజ్ కితీ శాంత్ ఆహే," అంది, తల్లి గొంతు ఎంత నెమ్మదిగా ఉందో అని. ఆ మాట గుర్తుందా అని తర్వాత ఆవిడను నాలుగైదు సార్లు అడిగాను. గుర్తుందనే చెప్పింది.

ఆ వారంలోనే ఆ గొంతు ఒక సంగతి చెప్పింది. "నీ తొమ్మిదో తరగతి మార్కుల కాగితం పారెయ్యలే బిడ్డా. జొన్నపిండి డబ్బల అడుగున పెట్టిన. మీ నాయిన చూస్తె చింపుతడు." భవాని రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. చిరిగిపోయిందనే అనుకుంటోంది అప్పటిదాకా. మాటకు మాట రిజిస్టర్లోకి ఎక్కించాను.

భవాని తేరుకోసాగింది. తినేది, నిద్రపోయేది. చేతి మీద కొత్త గీతలు లేవు. కౌన్సెలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది, కాని ఇల్లెందుకు వదిలావంటే మాత్రం చెప్పేది కాదు. ఏడో వారం కుర్మయ్య బిడ్డను ఇంటికి పంపమని అర్జీ పెట్టుకున్నాడు. నాలుగు రోజులు ఊరికి తీసుకెళ్తామన్నాడు, గాలి మారితే మంచిదన్నాడు. డాక్టరుకు అభ్యంతరం లేదు. నాకూ లేదు. ఇంటికి పంపవచ్చని సగం కాగితం రాసి పెట్టాను.

ఆ బుధవారం భవాని ఫోనులో, "అమ్మా, నన్ను ఇంటికి పంపుతరంట," అంది.

చప్పుళ్లు ఆగిపోయాయి. ఈసారి చాలాసేపు ఏమీ వినిపించలేదు. గోడ గడియారం ముల్లు చప్పుడు నాకు వినిపిస్తోంది.

"రాకు," అంది ఆ గొంతు.

మళ్లీ ఎడం. "మీ మేనత్త కొడుక్కు మీ నాయిన మాటిచ్చిండు. ఊరికి తీస్కపోయి పెండ్లి చేస్తడు. నువ్వు అందుకే ఉరికినవని నాకెర్క. నేను ఆపలేను బిడ్డా. సాయమ్మ కాడికి పో."

సాయమ్మ అంటే భవాని చిన్నమ్మ, తల్లికి చెల్లెలు. ధారావిలో ఉంటుంది. భవాని బల్ల మీద తల ఆనించింది. ఇంటివాళ్ల మాటల మధ్యలో మేము కలగజేసుకోకూడదు. కాని ఆగలేకపోయాను.

"అక్కా, నేను భవాని కేసు చూసేదాన్ని. నువ్వు చెప్పింది రాసుకోనా? కమిటీ ముందల పెడ్త."

"రాసుకో చెల్లె," అంది. "నా మాటగ రాసుకో."

నాకు, ఆ గొంతుకు మధ్య జరిగిన మాటలు ఇవే. పదహారు నిమిషాల కాల్. సగం రాసిన కాగితం చించేసి, తల్లి ఫోనులో అన్నది అన్నట్టే నివేదికలో రాసి, సంతకం పెట్టి కమిటీకి పంపాను.

విచారణ రోజు మణెమ్మను మొదటిసారి చూశాను. పొట్టి మనిషి. ఆకుపచ్చ గాజులు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. "నమస్తె అక్కా," అన్నాను. రెండు చేతులూ జోడించి నవ్వింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని జుట్టు సవరించింది. ఒక్క మాటా అనకపోతే, కొత్తచోటు కదా, బెరుకు కాబోలు అనుకున్నాను.

కమిటీ అధ్యక్షురాలు పెద్దావిడ, మరాఠీ మనిషి. నా నివేదిక హిందీలో చెబుతూ వచ్చింది. తల్లి ఫోనులో ఇలా చెప్పింది, అలా చెప్పింది అని. కుర్మయ్య మొదట తల వంచుకుని విన్నాడు. తర్వాత అయోమయంగా భార్య వైపు, నా వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"మేడం, మేరీ ఔరత్ గూంగీ హై. బచ్‌పన్ సే."

చిన్నప్పటి నుంచీ మూగదని హిందీలో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. "మీకు ఆ దినమే చెప్పిన కద మేడం, ఆమె మాట్లాడదని."

గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అతను అరిచి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. అతను జేబులోంచి మడత పెట్టిన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మణెమ్మకు ఏడేళ్లప్పుడు గొంతులో పుండు లేస్తే ఊళ్లో ఎవరో నాటు మందు పోశారట. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. చెవులు బాగానే వినిపిస్తాయి. మాట మాత్రం రాదు. ఇన్నేళ్లూ సైగలతోనే సంసారం.

"మరి మీరు ఎవరితో మాట్లాడారు?" అని అధ్యక్షురాలు నన్ను అడిగింది.

ఆఫీసు ఫోనులోని కాల్స్ చూపించాను. అదే నంబరు, ప్రతి బుధవారం నాలుగింటికి. ఆ ఫోను ఎప్పుడూ తన భార్య దగ్గరే ఉంటుందని కుర్మయ్యే చెప్పాడు. బిడ్డ మాట్లాడుతుంటే తల్లి వింటుందనుకున్నాడట. వింటే ఏం తప్పని ఊరుకున్నాడట.

అధ్యక్షురాలు తొందరపడే మనిషి కాదు. కుర్మయ్యను, భవానిని బయట కూర్చోబెట్టింది. పక్క ఆఫీసులో తెలుగు తెలిసిన గుమాస్తా ఉంటే పిలిపించి, నా రిజిస్టరు ఇచ్చి, చెవిలో ఏదో చెప్పింది. నన్ను గదిలోనే, మణెమ్మకు కనపడకుండా వెనక కూర్చోమంది. గుమాస్తా నేను రాసినవి ఒక్కొక్కటే చదవసాగాడు. నీ మాటే అయితే తల ఊపు, కాకపోతే అడ్డంగా ఊపు అని చెప్పారు.

ఎడమ దిక్కు తిరిగి పండుకో. మణెమ్మ తల ఊపింది. తర్వాత గుమాస్తా, "మీ మామ నీకోసం కొత్త చీర కొన్నాడు," అని చదివాడు. అది నేను రాయలేదు. మణెమ్మ అడ్డంగా ఊపింది. అలా రెండు చోట్ల అతను సొంతంగా కల్పించి చదివాడు. రెండు చోట్లా ఆమె కాదంది. నేను రాసిన వాటిలో ఒక్కటి కూడా కాదనలేదు.

మార్కుల కాగితం మాట వచ్చినప్పుడు ఆమె తల ఊపి ఊరుకోలేదు. ప్లాస్టిక్ సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. తొమ్మిదో తరగతి మార్కులు. మడతల్లో జొన్నపిండి ఉంది.

'రాకు' అన్న మాట గుమాస్తా నోట పూర్తిగా రాకముందే తల ఊపింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. 'నా మాటగ రాసుకో' అన్నప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపుకు కూడా చప్పుడు లేదు, ఊపిరి మాత్రమే.

బయట వరండాలో భవాని పక్కన కూర్చున్నాను. అమ్మకు మాట రాదని ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"మీరు అడగలే దీదీ."

"మరి ఫోన్ల?"

"ఫోన్ల మాట్లాడ్తది," అంది. "ఇంట్ల మాట్లాడది."

"నీకు భయం కాలేదా?"

భవాని నన్ను వింతగా చూసింది. "మా అమ్మనే కద."

అధ్యక్షురాలు కుర్మయ్యను లోపలికి పిలిచి ఒకే ప్రశ్న అడిగింది, పెళ్లి మాట నిజమా కాదా అని. నిజమేనన్నాడు. తర్వాత మెట్ల మీద కూర్చుని నాతో, "పొల్ల ఖరాబైతదని భయపడ్డ మేడం. ఇంకేం లేదు," అన్నాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయనని రాసిచ్చాడు. భవానిని సాయమ్మ ఇంటికి పంపాలని, నేను నెలనెలా వెళ్లి చూడాలని కమిటీ ఆర్డరు వేసింది. మణెమ్మను ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించమని కూడా అన్నది. గొంతు డాక్టరు లోపల గొట్టం పెట్టి చూసి, శబ్దం పుట్టే అవకాశమే లేదని రాశాడు.

అక్కడితో పిల్ల వ్యవహారం ముగిసింది, నాది మొదలైంది. నిర్ధారించుకోకుండా ఎలా రాశావని మా సంస్థ నన్ను సంజాయిషీ అడిగింది. మా పై అధికారి మంచావిడే. తలుపు మూసి నెమ్మదిగా చెప్పింది. చాల్లో ఎవరో ఆడమనిషి ఆమె తరఫున మాట్లాడి ఉంటుంది, అలా రాసెయ్ అంది. అంతే అయి ఉంటుందని నాకూ అనిపించింది. నిజం చెప్పాలంటే, అంతే అయి ఉండాలని కోరుకున్నాను.

అందుకే ఒక బుధవారం పదమూడో గల్లీకి వెళ్లాను. నాలుగింటికి ఆ చాల్లో నీళ్లు వస్తాయి. ఆ వేళకు ఆడవాళ్లందరూ గదుల ముందున్న గాలరీలోనే ఉంటారు. ఐదుగురిని అడిగాను. పక్క ఖోలీ బాలమ్మ ముసలావిడ, ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటోంది.

"నాలుగైతె నీళ్ల డ్రమ్ము పక్కన కూసుంటది," అంది. "ఫోను చెవికి పెట్టుకుంటది. నోరు తెరవది. మేమందరం ఈడనే ఉంటిమి. ఎవరు మాట్లాడలే."

ఇంకొకావిడ మరో మాట చెప్పింది. ఫోను పట్టుకున్నంతసేపూ మణెమ్మకు చెమటలు పట్టేవట, రవిక తడిసిపోయేదట, తట్టతో ఇసుక మోసిన మనిషిలాగా. జ్వరమేమోనని ఒకసారి నుదురు ముట్టి చూసిందట. చల్లగా ఉందట.

తిరిగి వచ్చి మా అధికారి చెప్పినట్టే రాశాను. 'పొరుగింటి మహిళ తల్లి తరఫున మాట్లాడింది' అని. సంతకం పెట్టాను. అది అబద్ధమని తెలిసే పెట్టాను. ఉద్యోగం కావాలి. నేను విన్నది విన్నట్టు రాస్తే, ఇన్నేళ్లుగా నేను పిల్లలను అడిగే ప్రశ్నలన్నీ నన్ను ఎవరో అడుగుతారు. మగ గొంతా ఆడ గొంతా. నిద్రపోయే ముందా లేచాకా.

ఆలోచించని దారి లేదు. భవానే గొంతు మార్చి మాట్లాడిందా అంటే, నేను ఎదురుగానే కూర్చున్నాను, ఆమె పెదవులు కదల్లేదు. పైగా పిండి డబ్బా సంగతి ఆమెకు తెలియదు. నేనే ఊహించుకున్నానా అంటే, శోభా తాయి కూడా విన్నది. భాష రాని మనిషి ఆ గొంతు ఎంత నెమ్మదిగా ఉందో చెప్పింది.

నాలుగో నెల చూసి రావడానికి, మణెమ్మ కూడా వస్తుందని తెలిసి, ఒక ఆదివారం ధారావి వెళ్లాను. సాయమ్మ వాళ్లది సంచులు కుట్టే కార్ఖానా పైన ఒక గది. కింద మిషన్ల చప్పుడుకు నేల సన్నగా అదురుతూ ఉంటుంది. భవాని మళ్లీ బడికి పోతోంది. చిన్నమ్మ ఫోను నుంచి వారం వారం అమ్మకు చేస్తుందట. ఊపిరి వినిపిస్తుందట, చాల్ చప్పుళ్లు వినిపిస్తాయట. ఆ గొంతు మాత్రం మళ్లీ రాలేదట. చెప్పేటప్పుడు ఆమెలో దిగులేమీ కనిపించలేదు.

మణెమ్మ ఆ రోజు అక్కడే ఉంది. నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. అడగాలని వెళ్లినదాన్నే, ఎలా అడగాలో తెలియక గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమే కదిలింది. వేలితో తన గొంతు చూపించింది. తర్వాత నా చెవి చూపించింది. అరచెయ్యి పైకి తిప్పి ఆగింది.

నాకు అర్థం కాలేదు. భవాని వైపు చూశాను.

"అమ్మ అడుగుతుంది," అంది భవాని. "నా గొంతు ఎట్లుండె అని."

ఆ గొంతును ఆమె వినలేదు. అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆ వైపు ఫోనులో ఆమెకు వినిపించింది కూతురి మాటలు, మొదటి రోజు నా పేరు, ఆఖరి రోజు నా రెండు మాటలు, అంతే. బిడ్డకు ఏం చెప్పాలో మనసులో అనుకునేదట, తల్లి సైగలు చూసి భవాని చెప్పింది. గట్టిగా అనుకునేదట. నేను రాసుకోనా అని అడిగినప్పుడు అటువైపు ఎవరో విన్నారేమో అనుకుని మార్కుల కాగితం వెంట తెచ్చుకుందట, నమ్మకం కుదిరింది మాత్రం కమిటీ ముందు గుమాస్తా చదివినప్పుడే.

చెప్పడానికి ప్రయత్నించాను. "జర బొంగురుగ ఉండె అక్కా. నిదానంగ. ఒక్కొక్క మాట ఆగి ఆగి వస్తుండె. మా నానమ్మ మాట్లాడినట్లనే ఉండె." ఆమె కళ్లు మూసుకుని విన్నది. అయిపోగానే మళ్లీ చెప్పమని చెయ్యి ఊపింది. మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా అడిగింది. ఆ మూడోసారి చెబుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది. నా వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది, ఇంకేమీ లేదు.

చీకటి పడకముందే బయలుదేరి వచ్చేశాను. ఫైల్లో ఇప్పటికీ పొరుగింటి మహిళ అనే ఉంది. ఆ పొరుగింటి మహిళ లేదు. మణెమ్మకు మాట రాదు. నేను ఆ గొంతు విన్నాను, ఆమెకు అది ఎలా ఉంటుందో నేనే వెళ్లి చెప్పాను. ఇది ఎలా జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు.